ప్లగిన్ పెట్టే ప్రకటనకు పూచీ బ్లాగరుదే

సంపాదకులకు నమస్కారం.

సొంత బ్లాగులో ప్రకటనలు వేసుకుని ఆదాయం పొందే పద్ధతిని వివరిస్తూ మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్‌లో ఒక ప్లగిన్ (అదనపు సదుపాయాలు చేర్చే చిన్న ప్రోగ్రాం) వేసుకుని, గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ ఇచ్చిన కోడ్‌ను అందులో అతికిస్తే పని పూర్తయినట్టేనని ఆ వ్యాసం సారాంశం. అందులో చెప్పిన దశలన్నీ సరైనవే. అయితే కోడ్ అతికించాక మొదలయ్యే అసలు పని గురించి అందులో ఒక్క మాటా లేదు. తెలుగు బ్లాగర్లకు సైట్లు ఏర్పాటు చేసి వాటి బాగోగులు చూసే వృత్తిలో ఉన్నవాడిగా నేను గమనించింది ఇది: ప్రకటన ఎక్కడ రావాలి, ఏ టపాలో (బ్లాగు పోస్టులో) రాకూడదు, ఎలాంటిది అసలే కనపడకూడదు అన్న నిర్ణయాలను మొత్తంగా ప్లగిన్‌కు వదిలేసిన చోటల్లా రచన దెబ్బతింటోంది, పాఠకుడు విసిగిపోతున్నాడు, ఆశించిన ఆదాయమూ నిలవడం లేదు. ఆ నిర్ణయాలు బ్లాగరు చేతిలోనే ఉండాలని, అవి చేతిలో ఉంచుకోవడం సాధ్యమేనని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

వర్డ్‌ప్రెస్, యాడ్‌సెన్స్ రెండూ 2003లోనే, కొద్ది వారాల తేడాతో వచ్చాయి. ఆ మరుసటి ఏడాది వర్డ్‌ప్రెస్ 1.2 వెర్షన్‌తో ప్లగిన్ల సదుపాయం వచ్చింది. కానీ తెలుగులో రాసేవారికి ఈ రెంటి కలయిక వల్ల చాలాకాలం ఏ ప్రయోజనమూ కలగలేదు. యాడ్‌సెన్స్ గుర్తించని భాషలో ఉన్న పేజీల మీద ఆ కోడ్ పెట్టడమే నిబంధనలకు విరుద్ధంగా ఉండేది. భారతీయ భాషల్లో హిందీకి 2014 చివరలో, తెలుగుకు 2018లో ఆ అవకాశం దక్కింది. తెలుగు టైపు చేసే సైటు లేఖినిలో టైపు చేసి, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలిలో ఒకరి టపాలు ఒకరు చదువుకుంటూ తెలుగు బ్లాగులను నిలబెట్టిన తరానికి ఈ రాతలతో రూపాయి వస్తుందన్న ఆలోచన కూడా లేదు. అందువల్ల కాబోలు, ప్రకటనలు ఎలా వేయాలన్న విషయంలో మన బ్లాగులకు ఒక సంప్రదాయమంటూ ఏర్పడలేదు. తలుపు తెరుచుకోగానే ఆటో యాడ్స్ (ప్రకటనల చోటును యాడ్‌సెన్సే ఎంచుకునే పద్ధతి), ప్లగిన్లు ఒక్కసారిగా లోపలికి వచ్చేశాయి. బ్లాగర్లు వాటిని ఎలా ఉన్నవాటిని అలాగే ఒప్పుకున్నారు.

ప్లగిన్ చేసే పనిని కొంచెం దగ్గరగా చూస్తే ఇబ్బంది ఎక్కడ పుడుతోందో తెలుస్తుంది. మనం రాసిన టపా పాఠకుడి తెర మీదికి వెళ్లే ముందు, వర్డ్‌ప్రెస్ దానిని మార్పులు చేర్పుల కోసం ప్లగిన్లకు ఒకసారి అందిస్తుంది. ప్రకటనల ప్లగిన్ ఆ పాఠంలో పేరాలు ఎక్కడెక్కడ ముగుస్తున్నాయో వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషలోని గుర్తులను బట్టి లెక్కపెట్టి, మనం సెట్టింగులలో చెప్పిన సంఖ్య రాగానే, ఉదాహరణకు మూడో పేరా తర్వాత, ప్రకటన కోడ్‌ను చొప్పించి పంపుతుంది. దానికి తెలిసింది ఆ గుర్తు ఒక్కటే. ఆ పేరాలో వాదన పూర్తయిందా, వంట విధానంలో పాళ్ల పట్టిక మధ్యలో ఉన్నామా, చెప్పబోయే ముఖ్యమైన మాటకు ముందు వాక్యం దగ్గర ఆగామా అన్నది దానికి అవసరం లేదు.

వచనంలో దీనివల్ల జరిగే చేటు కొంత సహించవచ్చు. పద్యం విషయంలో సహించలేము. మన బ్లాగుల్లో పద్యాలకూ వాటి వ్యాఖ్యానాలకూ ఉన్న చోటు చిన్నది కాదు. సీస పద్యాన్ని తీసుకోండి. నాలుగు పాదాలను ఒక్కొక్కటి రెండు భాగాలుగా విరిచి ఎనిమిది వరుసల్లో రాసి, కింద నాలుగు వరుసల ఎత్తుగీతి రాస్తాం. రచయిత ప్రతి వరుస చివరా ఎంటర్ మీట నొక్కితే, వర్డ్‌ప్రెస్‌లో టపా రాసే ఎడిటర్ ఆ పన్నెండు వరుసలనూ పన్నెండు పేరాలుగా తీసుకుంటుంది. అప్పుడు టపా పద్యంతోనే మొదలైతే 'మూడో పేరా తర్వాత ప్రకటన' అన్న ఆదేశానికి అర్థం రెండో పాదం సగంలో ప్రకటన అని. 'ప్రతి మూడు పేరాలకూ ఒకటి' అని పెట్టుకున్నవారి పేజీలో ఆ పద్యం నాలుగు ముక్కలవుతుంది. యతి కుదిరిందో లేదో చూసుకుంటూ చదివే పాఠకుడికి పాదం మధ్యలో ఇన్‌స్టంట్ రుణాల ప్రకటన ఎదురైతే, ఆ పద్యం చదివిన అనుభవం అక్కడితో సరి. రాసినవారు నెలల తరబడి కూర్చుని చేసిన పనికి ఇంతకంటే అగౌరవం ఉంటుందని నేను అనుకోను.

దీనికి పరిష్కారం చాలా సులువు, అయినా ఎక్కడా ఎవరూ తెలుగులో చెప్పడం లేదు. పద్యం వరుసల చివర ఎంటర్ బదులు షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే వరుస మారుతుంది గాని పేరా మారదు. పద్యమంతా ఒకే పేరాగా నిలుస్తుంది. వర్డ్‌ప్రెస్ బ్లాక్ ఎడిటర్‌లో పద్యాల కోసమే ఉద్దేశించిన వర్స్ అనే బ్లాక్ ఉంది. అందులో రాసిన పద్యం ఎన్ని వరుసలున్నా ఒకే ముద్దగా ఉంటుంది, పైగా మనం వరుసల మొదట వదిలిన ఖాళీలు కూడా చెక్కుచెదరవు. పాత టపాలన్నిటినీ ఇలా సరిచేసే తీరిక లేనివారు, పద్యాల వర్గానికి చెందిన టపాల్లో మధ్య ప్రకటనలు వద్దని ప్లగిన్‌కే చెప్పవచ్చు. యాడ్ ఇన్సర్టర్, అడ్వాన్స్‌డ్ యాడ్స్ వంటి పేరున్న ప్లగిన్ల ఉచిత రూపాల్లోనే, ఫలానా వర్గంలో, ఫలానా ట్యాగ్ ఉన్న టపాల్లో ప్రకటన చూపించవద్దనే వీలు ఉంది.

ఆ వీలును పద్యాలకే పరిమితం చేయనక్కరలేదు. ఒక రచయిత కన్నుమూసినప్పుడు రాసిన నివాళి, ఆత్మహత్యల మీద రాసిన వ్యాసం, సొంత ఇంట్లో జరిగిన విషాదం గురించి రాసుకున్న టపా, వీటి మధ్యలో ఏ ప్రకటనా ఉండరాదని నా అభిప్రాయం. అలాంటి టపాలకు ఒక ట్యాగ్ పెట్టుకుని, ఆ ట్యాగ్ ఉన్నచోట ప్లగిన్ పని చేయకుండా ఒక్కసారి అమర్చుకుంటే చాలు. దానివల్ల పోయే ఆదాయం లెక్కలోకి రానిది. కానీ ఆ పని చేసిన బ్లాగు ఏదో, చేయనిది ఏదో పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది.

పేరాల లెక్కతో పాటు పదాల లెక్కలోనూ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మరీ చిన్న టపాల్లో ప్రకటన రాకుండా 'కనీసం ఇన్ని పదాలు ఉంటేనే' అని షరతు పెట్టే సదుపాయం కొన్ని ప్లగిన్లలో ఉంటుంది. అయితే వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ భాషలో పదాలు లెక్కించడానికి సిద్ధంగా ఉన్న ఫంక్షన్ రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని తయారైంది. తెలుగు అక్షరాలను అది అక్షరాలుగానే గుర్తించదు. ఒక ప్లగిన్ రాసినవారు ఆ ఫంక్షన్ మీదే ఆధారపడితే, ఎంత పెద్ద తెలుగు వ్యాసమైనా దాని లెక్కలో సున్నా పదాలే. అప్పుడు షరతు పెట్టిన బ్లాగరుకు ఏ టపాలోనూ ప్రకటన రాదు. ఎందుకు రావడం లేదో అర్థంకాక షరతులన్నీ తీసేస్తాడు. దాంతో నాలుగు వాక్యాల టపాలోనూ ప్రకటనలు నిండిపోతాయి. కాబట్టి ఏ ప్లగిన్ ఎంచుకున్నా ముందు ఒక చిన్న టపా మీద, ఒక పెద్ద టపా మీద, రెండూ తెలుగువే తీసుకుని, దాని నడవడి పరీక్షించి చూడాలి. పద సంఖ్య షరతు పనిచేయకపోతే పేరాల సంఖ్య షరతు వాడుకోవచ్చు. ఆ లోపాన్ని ప్లగిన్ తయారీదారు దృష్టికి తీసుకువెళ్లడం ఇంకా మేలు. ఉచిత ప్లగిన్లు దొరికే వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలో ప్రతి ప్లగిన్‌కూ సహాయ వేదిక ఉంటుంది. మనవాళ్లు అక్కడ ఫిర్యాదు చేయడం చాలా తక్కువ. చెప్పనిదే దూరదేశంలోని తయారీదారుకు తెలుగు కష్టం తెలిసే దారి లేదు.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయానికి వస్తాను. తన బ్లాగులో పాఠకుడికి ఏ ప్రకటన కనపడుతోందో చాలామంది బ్లాగర్లకు తెలియదు. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, పొరపాటున తమ ప్రకటనల మీద తామే క్లిక్ చేయకుండా ఉండటానికి, లాగిన్ అయి ఉన్న వారికి ప్రకటనలు కనపడకుండా ప్లగిన్‌లో అమర్చుకుంటారు. ఇది మంచి జాగ్రత్తే, ఎందుకంటే సొంత క్లిక్కుల వల్ల యాడ్‌సెన్స్ ఖాతా మూతపడే ప్రమాదం ఉంది. రెండోది, ప్రకటనలు చూసేవారి ఊరు, ఫోను, అంతకుముందు వెతికిన విషయాలను బట్టి మారుతుంటాయి. గుంటూరులో కూర్చున్న బ్లాగరుకు కనిపించేది వేరు, అదే టపాను డాలస్‌లో చదివే తెలుగువారికి కనిపించేది వేరు. ఫలితంగా, తన పేరు మీద నడుస్తున్న పేజీలో ఏం అచ్చవుతోందో తెలియకుండానే రచయిత దానికి బాధ్యుడవుతున్నాడు. మీ పత్రికలో ఏ పుటలో ఏ ప్రకటన వస్తుందో అచ్చుకు వెళ్లే ముందే మీ కార్యాలయంలో ఎవరో ఒకరు చూస్తారు కదా. బ్లాగులో ఆ చూసే మనిషి లేడు.

ఆ చూపు ఎంత అవసరమో డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ చరిత్ర చెబుతుంది. సుమారు 2 లక్షల సైట్లలో ఉన్న ఆ ప్లగిన్ 2017లో చేతులు మారింది. కొన్నవారు విడుదల చేసిన కొత్త వెర్షన్లలో, సైట్ యజమాని అనుమతి లేకుండా దూరం నుంచి స్పామ్ పేజీలు చొప్పించే కోడ్ బయటపడింది. ఆ చెత్త లాగిన్ అయిన వారికి కనపడకుండా, బయటి పాఠకులకు మాత్రమే కనపడేలా దానిని రాశారు. అంటే ఇంటి యజమాని తప్ప అందరూ చూశారు. ఆ ఏడాది సెప్టెంబరులో దానిని డైరెక్టరీ నుంచి శాశ్వతంగా తొలగించారు. డబ్బు పెట్టి కొనవలసిన ప్లగిన్లను ఎవరో ఉచితంగా ఇస్తున్నారని దొంగ కాపీలు దించుకునేవారికి ఇలాంటి ప్రమాదం మరింత ఎక్కువ; వాటిలో మన యాడ్‌సెన్స్ సంఖ్య స్థానంలో మరొకరి సంఖ్య పెట్టే కోడ్ దాగి ఉంటే, శ్రమ మనది, సొమ్ము వాళ్లది అవుతుంది.

అందుకే వారానికి ఒకసారైనా లాగిన్ కాని స్థితిలో, బ్రౌజర్‌లోని ప్రైవేటు కిటికీలో, కంప్యూటర్ బదులు ఫోనులో తన టపాను తాను చదువుకోవడం బ్లాగరు బాధ్యత అని నేను నమ్ముతాను. ప్రకటనల మీద వేలు పడకుండా చూసుకుంటే చాలు. యాడ్‌సెన్స్ ఖాతాలో ప్రకటనలను వర్గాల వారీగా ఆపే ఏర్పాటు కూడా ఉంది. రాత్రికి రాత్రి ధనవంతులయ్యే పథకాలు, బరువు తగ్గించే మందులు, జ్యోతిషం, క్షుద్రవిద్యల వంటి వర్గాలను అక్కడ నిలిపివేయవచ్చు. పది నిమిషాల పని. ఒక వైద్యుడు మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా రాసే బ్లాగులో వశీకరణ ప్రకటన రావడం కంటే ఆ పది నిమిషాలు పెట్టడం ఎంతో నయం.

యాడ్‌సెన్స్‌తో సంబంధం లేకుండా నేరుగా వచ్చే ప్రకటనల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. కాస్త పాఠకులున్న తెలుగు బ్లాగు ఏదైనా కనపడితే, బెట్టింగ్ యాప్‌ల తరఫు మనుషులు నెలకు ఇంత ఇస్తామంటూ ఒక కోడ్ పంపి, మీ ప్లగిన్‌లో దీనిని అతికించండి చాలు అంటారు. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ జూద నిరోధక చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను వాటి పరిధిలోకి తెచ్చాయి. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో, డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేసినవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కోడ్ ఎవరో పంపారు, ప్లగిన్ చూపించింది అన్న సమాధానం ఇక్కడ పనికిరాదు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ పందేల్లో కుటుంబాలు కూలిపోయిన వార్తలను మీ పత్రికే వారం వారం అచ్చు వేస్తున్నప్పుడు, అదే పందేనికి దారి చూపే బొమ్మను తన కథ పక్కన పెట్టుకోవడానికి ఏ రచయితకైనా మనసు ఎలా ఒప్పుతుంది?

ప్రకటనను ప్రకటనగా కనపడనివ్వడం కూడా ఇందులో భాగమే. ప్లగిన్లలో ప్రకటన పైన చిన్న శీర్షిక చూపించే వీలు ఉంటుంది. యాడ్‌సెన్స్ ప్రకటనలకు అయితే అది సూచించిన శీర్షికలే వాడాలి. 'ఇవి కూడా చదవండి' అని రాసి కింద ప్రకటన పెట్టడం దాని నిబంధనలకు విరుద్ధం. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో జారీ చేసిన మార్గదర్శకాలు వినియోగదారులను మభ్యపెట్టే 13 రకాల పద్ధతులను నిషేధించాయి. వార్తలాగా, పాఠకుడి రాతలాగా మారువేషం వేసుకున్న ప్రకటన వాటిలో ఒకటి. పుస్తకం పీడీఎఫ్ ఇచ్చే టపాల్లో, అసలు లంకె పక్కనే 'డౌన్‌లోడ్' అని పచ్చటి మీట ఉన్న ప్రకటన రావడం మనందరం చూస్తున్నదే. వయసు మళ్లిన పాఠకులు దేనిని నొక్కాలో తెలియక ఏవేవో యాప్‌లు ఫోనులో దించుకుంటున్నారు. లంకె ఉన్న పేరాకు దగ్గరలో ప్రకటన చొప్పించవద్దని ప్లగిన్‌కు చెప్పడం ద్వారా దీనిని చాలావరకు నివారించవచ్చు.

ఫోనులో చదివేవారి మరో కష్టం, చదువుతుండగా పాఠం కిందికి జారిపోవడం. టపా ముందు తెరుచుకుని, ప్రకటన కొంత ఆలస్యంగా వచ్చి మధ్యలో దూరినప్పుడు ఇలా జరుగుతుంది. దీనిని కొలవడానికి గూగుల్ పెట్టుకున్న కొలమానంలో 0.1 లోపు ఉంటేనే పేజీ బాగున్నట్టు లెక్క. ప్రకటన వచ్చే చోట దాని ఎత్తుకు సరిపడా ఖాళీని ముందే కేటాయించి ఉంచితే పాఠం కదలదు. అదే విధంగా, మెరుగైన ప్రకటనల కోసం ఏర్పడిన అంతర్జాతీయ కూటమి ఫోను పేజీలో ప్రకటనల ఎత్తు టపా ఎత్తులో 30 శాతం దాటకూడదని ప్రమాణం పెట్టింది. దానిని పదే పదే ఉల్లంఘించే సైట్లలో 2018 ఫిబ్రవరి నుంచి క్రోమ్ బ్రౌజర్ ప్రకటనలను ఆపుతోంది.

ఆదాయం గురించి మీ వ్యాసంలో ఆశ ఎక్కువ చూపించారు. ప్రకటనదారు చెల్లించిన సొమ్ములో సుమారు 68 శాతం బ్లాగరుకు వస్తుందన్నది నిజమే. కానీ ఖాతాలో 100 డాలర్లు పోగైతేనే అది బ్యాంకుకు చేరుతుంది. పద్యాలూ కథలూ రాసే చిన్న తెలుగు బ్లాగుకు ఆ మొత్తం చేరడానికి చాలాకాలం పట్టవచ్చు. ఈలోగా డొమైన్, హోస్టింగ్ ఖర్చులు ఏటా కట్టాల్సిందే. ఆ తొందరలో ప్రకటనల సంఖ్య పెంచుకుంటూ పోతే చదివేవారు తగ్గుతారు, వారితో పాటు ఆదాయమూ తగ్గుతుంది. స్థానికంగా ఉన్న పుస్తకాల దుకాణం, చేనేత సంఘం, నర్సరీ వంటి వారి ప్రకటనలను నేరుగా తీసుకోవడం చిన్న బ్లాగుకు ఎక్కువ నప్పుతుందని నా అనుభవం. ఇవే ప్లగిన్లలో బొమ్మను ఎక్కించి, ఏ పేజీల్లో కనపడాలో మనమే నిర్ణయించవచ్చు. ఆ లంకె కోడ్‌లో అది డబ్బు తీసుకుని పెట్టినదని తెలిపే స్పాన్సర్డ్ అనే గుర్తు జతచేస్తే, గూగుల్ 2019లో పెట్టిన పద్ధతికి అనుగుణంగా ఉంటుంది. ఆ ప్రకటన ఎవరిదో బ్లాగరుకు తెలుసు, పాఠకుడికి తెలుసు, అడిగితే సమాధానం చెప్పేవారు ఉన్నారు.

మీ సాంకేతిక పుటకు నాది ఒక్కటే విన్నపం. బ్లాగు ఆదాయం మీద ఇకముందు వ్యాసం వేసినప్పుడు, ప్లగిన్ వేసుకునే దశలతో పాటు, పద్యాల టపాలను ఎలా మినహాయించాలో, ఏ వర్గాల ప్రకటనలను ఎలా ఆపాలో, లాగిన్ కాకుండా ఎలా పరీక్షించాలో తెరపట్టు చిత్రాలతో (స్క్రీన్‌షాట్లతో) సహా తెలుగులో చూపించండి. కొత్తగా బ్లాగు మొదలుపెట్టే యువతీయువకులు మొదటి రోజునే ఆ సెట్టింగులు సరిచేసుకోగలుగుతారు. అవసరమైతే ఆ వివరాలు సిద్ధం చేయడంలో నా వంతు సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
గుంటూరు